మూతలు తీసిన బల్బులు

మా అత్త తన మొగుణ్ణి బల్బుల కింద పడుకోబెట్టి, ఎండబెట్టి చంపిందట. కొత్త బల్బులు కొనుక్కొచ్చి, వాటి తలలు కోసేసి, మంచం మీద వరసగా వేలాడదీసిందట. పొద్దున వెలుగు రాకముందు నుంచి సాయంత్రం దాకా ఆయన మీద వెలిగించేదట. ఆయన నోరు పడిపోయిన మనిషి, వద్దని చెప్పలేడు కదా. పోయిన రోజు చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి ఆ బల్బులు ఇంకా వెలుగుతూనే కనపడ్డాయట. ఒళ్ళు పెనంలా కాలిపోతోందట.

ఈ మాటలు నేను పనిచేసే టైలర్ షాపులో విన్నాను. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ చెప్పింది. నేను ఆ అత్త మేనకోడల్నని ఆవిడకి తెలియదు.

"బల్బుల కంపెనీలో పనిచేసిందిగా, ఆ విద్యలన్నీ వచ్చు. మనిషన్నాక కాస్త జాలి ఉండొద్దా అండీ?"

"మనకెందుకులెండి. చెయ్యి కాస్త పైకెత్తండి," అన్నాడు టైలరు, టేపు పట్టుకుని.

నేను కింద కూర్చుని ఒక గౌను అంచుకి గుండుసూదులు గుచ్చుతున్నాను. నోటినిండా సూదులు. సూదులు లేకపోయినా ఏమీ అనేదాన్ని కాదు.

ఆవిడ చెప్పిందంతా అబద్ధమూ కాదు. బల్బుల తలలు తీసిన మాట నిజం. నేనే పక్కన కూర్చుని వాటిని బేసిన్‌లో వేశాను.

అత్త మా నాన్నకి అక్క. పదకొండేళ్ళు బల్బుల ఫ్యాక్టరీలో మూతల బల్ల దగ్గర పనిచేసింది. ఎల్ఈడీ బల్బు మీద గుండ్రంగా, తెల్లగా ఉండే ప్లాస్టిక్ బుర్రనే వాళ్ళు మూత అంటారు. కింది భాగం బెల్టు మీద నడిచి వస్తుంది. దాని అంచుకి జిగురు రాసి ఉంటుంది. అత్త మూత పెట్టి, రెండు బొటనవేళ్ళతో టక్కుమనేదాకా నొక్కాలి. రోజుకి మూడు వేలు. అలా నొక్కీ నొక్కీ ఆమె బొటనవేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గర వేలిముద్ర మిషను ఆమెని గుర్తుపట్టేది కాదు. "రోజూ వస్తున్నాను, నన్ను తప్ప అందర్నీ గుర్తుపడుతుంది," అనేది. వేడి గిన్నె దించడానికి కూడా గుడ్డ వెతుక్కునేది కాదు.

ఫ్యాక్టరీ మూసేసిన రోజున అందరికీ తలా ఒక సర్టిఫికెట్ అద్దాల ఫ్రేములో పెట్టి ఇచ్చారు. ఉత్తమ కార్మికురాలు అని. దాంతోపాటు గీత పడ్డ బల్బులు ఒక అట్టపెట్టెడు ఇచ్చారు. అత్త రెండింటినీ అటక మీద పెట్టింది. రెండు నెలలకి మామయ్య పడిపోయాడు.

మామయ్య ఒక పెద్ద తోటలో మాలి. ఆ తోటలోకి ఎవరైనా రావచ్చు. పొద్దున ఐదున్నరకి గేటు తీస్తారు, సాయంత్రం ఆరున్నరకి మూస్తారు. ఇరవై ఆరేళ్ళు ఆ గేటు తాళం ఆయన నడుముకే ఉండేది. ఒకరోజు చేతిలో నీళ్ళ పైపుతో పాదుల మధ్య పడిపోయాడు. ఎవరూ చూడలేదు. బాట మీదికి నీళ్ళు వచ్చాక చూశారు. కుడివైపు మొత్తం పోయింది. మాట పోయింది.

నేను అప్పటికి తొమ్మిదో తరగతి మధ్యలో మానేసి మూడేళ్ళయింది. మొదట అమ్మకి బాగోలేక మానేశాను. తర్వాత బాగైంది కానీ మళ్ళీ వెళ్ళమని ఎవరూ అనలేదు. "ఖాళీగానే ఉందిగా, అక్క దగ్గర ఉంటుంది," అని నాన్న నన్ను అత్త వాళ్ళింటికి పంపాడు. అలా నేను ఆ ఇంట్లోకి వచ్చాను.

ఆ ఇంట్లో మూడు గదులు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. ఆఖరి గదిలో మామయ్య మంచం. ఆ గదికి కిటికీ ఉంది కానీ, తీస్తే మూరెడు దూరంలో పక్క బిల్డింగు గోడ. పైన, వీధి సందు వైపు ఒక చిన్న వెంటిలేటరు. మధ్యాహ్నం కూడా ఆ గదిలో సూదిలో దారం ఎక్కించలేం. మామయ్య వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకునేవాడు. ఎవరైనా వస్తే ఇంకా గట్టిగా మూసుకునేవాడు.

వారానికి రెండుసార్లు ఫిజియో డాక్టరు వచ్చేవాడు. ఒకరోజు మామయ్య ఎడమ చేతిని అటూ ఇటూ వంచి చూసి అత్తతో అన్నాడు.

"ఈ చేతికి ఏమీ కాలేదమ్మా. ఆయన ఎత్తట్లేదు, అంతే. ఇలాగే వదిలేస్తే ఇదీ బిగుసుకుపోతుంది. అప్పుడిక నేను వచ్చినా లాభం లేదు."

"ఎత్తమని చెప్పండి మరి."

"నేను చెప్తే ఎత్తరు. ఆయనకి ఎత్తాలనిపించాలి."

ఆయన వెళ్ళాక అత్త, "అనిపించాలట," అని, దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. ఇద్దరం మడతపెట్టాం.

ఆ రోజు నుంచి అత్తకి ఇంకో ధ్యాస లేదు. ఎడమ చెయ్యి ఎత్తాలి. నడవక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. ఆ చెయ్యి ఒక్కసారి తనంతట తాను లేవాలి. నీళ్ళ గ్లాసు తెచ్చి ఎడమ చేతికి అందేంత దూరంలో పెట్టింది. "దాహమేస్తే ఆయనే తీసుకుంటారు. నువ్వు ఇవ్వకు," అంది నాతో. మధ్యాహ్నమంతా మామయ్య పెదవులు ఎండిపోయి పగుళ్ళు తేలాయి. చెయ్యి దుప్పటి మీద, ఎవరో మరిచిపోయి వెళ్ళిన గొడుగులా పడి ఉంది. నాలుగింటికి అత్తే గ్లాసు తీసి తాగించింది.

తర్వాత రేడియో రిమోటు పెట్టింది. దాన్నీ ముట్టలేదు.

అప్పుడు తోట మేస్త్రీ వచ్చాడు. మామయ్య దగ్గర పని నేర్చుకున్న మనిషి. పాత నూనె డబ్బాలో ఒక బంతి మొక్క పట్టుకొచ్చాడు.

"ఏంటన్నా, పనెగ్గొట్టి ఇక్కడ పడుకున్నావా? నువ్వు లేక ఆ పాదులు నా ప్రాణం తోడేస్తున్నాయి. ఇదిగో, నువ్వు పోసిన నారే. నీ మీద చాడీలు చెప్తానంటే తీసుకొచ్చా."

మామయ్య కళ్ళు తెరిచాడు. మేస్త్రీ వైపు కాదు, డబ్బా వైపు. అలాగే చూస్తూ ఉన్నాడు. అత్త చెంచాతో జావ తెచ్చి పెదవికి ఆనించింది. చూపు తిప్పకుండానే నోరు తెరిచాడు. గిన్నెడూ అయిపోయింది. అంతకుముందు సగం కూడా తాగేవాడు కాదు.

ఎనిమిది రోజులు అలా గడిచాయి. మొక్క కిటికీ వైపు మెడ సాచి, దారంలా సాగి, ఆకులు పాలిపోయి, తొమ్మిదో రోజున డబ్బా అంచు మీదికి వాలిపోయింది. మామయ్య మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

అత్త వేలితో మొక్కని లేపి చూసింది, వదిలేసింది. "నిచ్చెన పట్టుకోవే," అంది. అటకెక్కి బల్బుల పెట్టె దించింది.

మొదట ఒక చెక్కకి ఆరు హోల్డర్లు బిగించి, ఆరు బల్బులు పెట్టి, మంచం పక్కన బల్ల మీదుగా వేలాడదీసింది. బల్ల మీద ట్రే, ట్రేలో మట్టి, మట్టిలో మేస్త్రీ ఇచ్చిన బంతి గింజలు. ఐదో రోజుకి మొలిచాయి. పదో రోజుకి అన్నీ తెల్లగా సాగి, ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. మేస్త్రీ వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు.

"వదినా, ఇది దీపమే గానీ ఎండ కాదు. జానెడు దూరానికి దించాలి. అయినా చాలదు. ఆ తెల్ల బుర్రలే సగం వెలుతురు మింగేస్తున్నాయి."

"ఆ బుర్రలు పెట్టింది నేనే."

"అయితే తీసేవాళ్ళని వెతుక్కోనక్కర్లేదు."

అత్త నవ్వలేదు. కూరగాయల కత్తుల్లో మొద్దుది ఎంచుకుంది. మూతకీ కింది భాగానికీ మధ్య సందులో కత్తి మొన పెట్టి తిప్పితే జిగురు పొరలా ఊడింది. టక్కుమని మూత ఎగిరి నా ఒళ్ళో పడింది.

"ఒక్కటి ఊడినా ఊరుకోనని సూపర్‌వైజరు నెత్తి మీద కూర్చునేవాడు. చూడు, ఏమంత గట్టిగా లేదు," అంది.

మూత లేని బల్బులో పలచటి తెల్ల పళ్ళెం ఉంది. దాని మీద గుండ్రంగా పసుపు పూసలు. వెలుగు ఇచ్చేవి అవే. అంచున నువ్వుగింజంత నల్లటి ముక్కలు రెండు పక్కపక్కనే ఉన్నాయి. అత్త సోల్డరింగ్ కడ్డీ వేడిచేసి, వాటిలో ఒకదాన్ని తీసేసింది.

"ఇదెందుకు?" అన్నాను.

"రెండూ ఉంటే బల్బు ఒళ్ళు తెలియకుండా వెలిగి, వేడెక్కి, ఏడాదికే పోతుంది. ఒకటి తీసేస్తే కాస్త తక్కువగా వెలుగుతుంది. కానీ ఏళ్ళ తరబడి ఉంటుంది."

"మరి ఫ్యాక్టరీవాళ్ళే తీసేయొచ్చుగా?"

"తీసేస్తే మళ్ళీ బల్బు ఎవరు కొంటారే పిచ్చిమొహమా?"

ఒక్కొక్కటీ తక్కువ వెలుగుతాయి కాబట్టి ఈసారి పన్నెండు బల్బులు పెట్టింది. మేస్త్రీ చెప్పినట్టు ఒకటి తెల్లది, ఒకటి పసుప్పచ్చది. మూతలన్నీ బేసిన్‌లో గుడ్డు పెంకుల్లా ఉన్నాయి. అప్పుడే పైఇంటావిడ ఏదో పని మీద వచ్చింది. బేసిన్ చూసింది, బల్బులు చూసింది. "అయ్యయ్యో, నిక్షేపంలాంటి బల్బులు!" అంది. లోపలి గది వైపు తొంగిచూసింది. మామయ్య మంచం పక్కన గది అంతా తెల్లగా మండుతోంది. ఆవిడ ఇంకేమీ అడక్కుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆ విడత నారు పొట్టిగా, లావుగా, ముదురాకుపచ్చగా వచ్చింది. మామయ్య మళ్ళీ కళ్ళు తెరిచాడు. జావ తాగాడు. అత్త ట్రేని ఎడమ చేతికి అందేలా జరిపింది. చెయ్యి మాత్రం లేవలేదు. రెండు వారాలు చూసింది. ఫిజియో డాక్టరు వేళ్ళు చాచి చూసి, "బిగుస్తోందమ్మా," అన్నాడు.

ఆ తర్వాతి రోజు పొద్దున ఒక బల్బు మిణుకుమిణుకుమంటోంది. అత్త అప్పుడే మొక్కలకి నీళ్ళు పోసింది. చేతులు తడిగా ఉన్నాయి.

ఫ్యాక్టరీలో మూత పెట్టకముందు బల్బుని వెలిగించి చూసేవాళ్ళు. ఏదైనా పూస మిణుకుమంటే బొటనవేలితో నొక్కేవాళ్ళు. నొక్కితే సరిగ్గా వెలిగిందా, టంకం అతుకు వదిలినట్టు. వెలగలేదా, పూస పోయినట్టు. ఆ బల్ల మీదికి వచ్చే కరెంటు వేరు. వెలుగుతున్నదాన్ని చేత్తో పట్టుకున్నా ఏమీ కాదు. అత్త పదకొండేళ్ళు రోజూ అలాగే నొక్కింది. ఇక్కడా అలాగే చెయ్యి చాచి, బొటనవేలితో నొక్కింది.

నేను స్విచ్చు పక్కనే నిలబడి ఉన్నాను. అత్త మొహం ఒక పక్కకి లాగినట్టయింది. మోచెయ్యి వణుకుతోంది. నోట్లోంచి మాట రావడం లేదు. నాకు చూడడం బాగా వచ్చు. అప్పుడూ చూస్తూనే ఉన్నాను. స్విచ్చు నా భుజానికి తగులుతోంది. అది నొక్కాలని నాకు తోచలేదు.

టంగ్‌మని శబ్దమైంది. మళ్ళీ టంగ్‌మంది. మామయ్య పిడికిలితో ఇనప మంచం పట్టీని కొడుతున్నాడు. కళ్ళు నావైపే ఉన్నాయి. మూడో దెబ్బకి నేను స్విచ్చు ఆర్పాను.

అత్త గోడకి జారగిలబడి కింద కూర్చుంది. చాలాసేపు తన చెయ్యి తనే చూసుకుంది. వేలి మీద చిన్న తెల్ల మచ్చ. నేను మంచినీళ్ళు తెచ్చాను. తాగలేదు.

"ఆ చప్పుడు ఎవరిది?" అంది.

"మామయ్యది."

"ఏ చెయ్యి?"

"ఎడమది."

"సరిగ్గా చూశావా?"

"చూశాను."

"ఎంత ఎత్తారు?"

చెయ్యి ఎత్తి చూపించాను. అత్త తల ఊపి, అప్పుడు నీళ్ళు తాగింది.

నన్ను ఒక్క మాట కూడా అనలేదు. స్విచ్చు ఎందుకు ఆర్పలేదని ఆ రోజు అడగలేదు, తర్వాత కూడా అడగలేదు.

మర్నాడు కరెంటు మేస్త్రీని పిలిపించింది. అతను చెక్క దించి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"అమ్మా, మూత తీశాక ఈ పళ్ళెమూ గోడలోని తీగా ఒకటే. మీ ఫ్యాక్టరీ బల్ల కాదు ఇది. ఇన్నాళ్ళూ మీకేమీ కాలేదంటే మీ అదృష్టం. మూత ఉండేది అందం కోసం అనుకున్నారా?"

"మేం మూతలు పెట్టేవాళ్ళం బాబూ. ఎందుకు పెడతారో మాకెవరు చెప్తారు?"

బల్బులకి అడ్డంగా అద్దం బిగించాలన్నాడతను. అత్త అటక మీద నుంచి ఫ్రేము దించి, సర్టిఫికెట్ పక్కన పెట్టి, అద్దం ఇచ్చింది. సరిపోలేదు. ఫ్యాక్టరీలో తనతో పనిచేసిన ఇంకో అమ్మాయి ఇంటికి వెళ్ళి ఆమె ఫ్రేము అద్దం కూడా అడిగి తెచ్చింది. రెండూ కలిపితే సరిపోయింది.

"ఇంకొకటి కావాలి. మంచం దగ్గర వైరుకి వేలాడే స్విచ్చు ఉంటుందే, అది. ఆయన ఎడమ చేతి కింద పెట్టు," అంది అత్త.

"ఆయనకా?"

"లోపల చెయ్యి పెట్టేది ఒకళ్ళయితే, స్విచ్చు ఇంకొకళ్ళ దగ్గరుండాలి. ఫ్యాక్టరీలో బెల్టు దగ్గర అదే పద్ధతి. నాకు నిన్న గుర్తు రాలేదు."

అతను నావైపు చూశాడు. నేను కిందికి చూశాను.

స్విచ్చు పెట్టి అతను వెళ్ళాక అత్త చెంబుతో నీళ్ళు పట్టుకుని ట్రే దగ్గర నిలబడింది. బల్బులు వెలుగుతున్నాయి.

"ఏమండీ, మొక్కలకి నీళ్ళు పొయ్యాలి. మీరు ఆర్పితేగానీ నేను చెయ్యి పెట్టను."

మామయ్య కదల్లేదు. అత్తా కదల్లేదు. గుమ్మంలో నిలబడి నాకు కాళ్ళు లాగాయి. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారాను. పక్క బిల్డింగులో ఎవరో బట్టలు ఉతికి, పిండి, ఆరేసి వెళ్ళేంతసేపు. అప్పుడు టక్కుమంది. గది మామూలు చీకటి అయింది. అత్త నీళ్ళు పోసింది.

"ఆఁ, వెయ్యండి," అంది.

వేశాడు.

ఆ తర్వాత ఏడాదిన్నర పెద్దగా చెప్పడానికేమీ లేదు. రోజులన్నీ ఒకేలా ఉన్నాయి. పొద్దున ఐదున్నరకి బల్బులు వెలిగేవి. సాయంత్రం ఆరున్నరకి ఆరేవి. మధ్యలో నీళ్ళకి ఒకసారి. ఆ గదిలో గడియారం లేదు. మామయ్యకి ఎలా తెలిసేదో నేను కనిపెట్టలేకపోయాను. నెమ్మదిగా ఆయన ఎడమ చేత్తో నారు ఒత్తుగా ఉన్నచోట పలచన చేయడం మొదలుపెట్టాడు. రెండు వేళ్ళతో పట్టి పీకేసేవాడు. చెక్క ఎత్తాలంటే అరచెయ్యి పైకి, దించాలంటే కిందికి. అత్త చెక్క తాడుని గోడ మీద వేరే మేకుకి మార్చేది. ఒకసారి ఆమె తప్పు మేకుకి తగిలిస్తే మంచం పట్టీ మీద టంగ్‌మని కొట్టాడు. "వినపడిందిలెండి, ఇల్లు కూల్చకండి," అంది అత్త.

పెరిగిన నారుని మేస్త్రీ ట్రేలతో తోటకి పట్టుకెళ్ళేవాడు. గేటు పక్క పాదులో వేశానని చెప్పేవాడు. "నీ నారు నాకంటే పొగరుగా నిలబడిందన్నా," అనేవాడు. అత్త ఒక్కసారి కూడా చూడ్డానికి వెళ్ళలేదు. నేను వెళ్ళాను. బంతిపూలు బంతిపూలలాగే ఉన్నాయి.

వెంటిలేటరులోంచి వెలుతురు సందులోకి పడేది. పొద్దున్నే పనులకి వెళ్ళేవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. పైఇంటావిడ ఒకరోజు మెట్ల దగ్గర అత్తని ఆపింది.

"ఏంటమ్మా ఇది, కోడిపిల్లల్ని పెట్టినట్టు ఆయన్ని లైట్ల కింద! మంచంలో ఉన్న మనిషి, పాపం కాదూ?"

"ఆయన పక్కన ఉన్నారండీ. లైట్ల కింద మొక్కలున్నాయి."

"మొక్కలకి లైట్లేంటి, చోద్యం కాకపోతే!"

అత్త బకెట్ ఎత్తుకుని లోపలికి వచ్చేసింది. ఒకసారి చెప్పింది కాబట్టి ఇక చెప్పలేదు. ఆమె అంతే. తర్వాత ఆ మాట వీధి చివరిదాకా వెళ్ళింది. ఇప్పుడు మా షాపు దాకా వచ్చింది.

మామయ్య పోయిన రోజు పొద్దున నేను వంటింట్లో ఉన్నాను. అత్త మధ్య గదిలో దుప్పటి మడతపెడుతోంది. వీధిలో మొదటి బస్సు వెళ్ళిన చప్పుడైంది. అది ఐదూ నలభైకి వెళ్తుంది. అత్త దుప్పటి పట్టుకుని ఆఖరి గది గుమ్మం వైపు చూసింది. తలుపు కింద చీకటిగా ఉంది. దుప్పటి పూర్తిగా మడిచి, పెట్టె మీద పెట్టి, అప్పుడు లోపలికి వెళ్ళింది.

నేను వెళ్ళేసరికి మంచం పక్కన నిలబడి ఉంది. ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. ఆమె వేళ్ళకి వేడీ చల్లనా అంతగా తెలియవు. "నువ్వు చూడు," అంది. నేను చూశాను. చల్లగా ఉంది.

తర్వాత అత్త చెంబు తీసుకుని ట్రేలో నీళ్ళు పోసింది. ఆర్పే ఉంది కదా అని పోసిందనుకుంటాను.

జనం ఎనిమిదింటికి వచ్చారు. గదిలో ఎవరి మొహం ఎవరికీ కనపడక, పైఇంటావిడే ట్యూబ్‌లైటు స్విచ్చు వేసింది. అందరూ చూసిన వెలుతురు అదే. బల్బులు వెలగడం లేదు. ముందురోజు సాయంత్రం ఆరున్నరకి మామయ్య వాటిని ఆర్పాడు, ఎడమ చేత్తో.